ఎలుక తల్లి మారినా పిల్ల తీరు మారలేదు

పిల్లాడు కుదురుగా కూర్చోడు. చెప్పిన మాట నిమిషంలో మరిచిపోతాడు. వద్దన్న పనే మళ్ళీ మళ్ళీ చేస్తాడు. అలాంటి పిల్లాడు ఇంట్లో ఉంటే మన వైపు మొదటి మాట తల్లికే తగులుతుంది: "పెంపకం అలా ఉంది మరి". బడిలో టీచరమ్మ అంటుంది, అత్తగారు అంటుంది, పక్కింటివాళ్ళు చూపుతోనే అనేస్తారు. అన్ని ఇళ్ళలోనూ ఆ మాట తప్పని నేను అనను. కానీ కొందరు పిల్లల విషయంలో అది ఘోరమైన అన్యాయం. ఎంత అన్యాయమో నాకు, తల్లి కడుపులో ఉండగా మద్యం తగిలిన ఎలుక పిల్లల మీద జరిగిన ప్రయోగాలు చదివాక తెలిసింది. ఈ పోస్టు వాటి గురించే.

నేను గుంటూరులో ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయన్న పాఠం, చెబుతాను. ఆల్కహాల్ పాఠం వచ్చినప్పుడు లివర్ గురించీ, మత్తు గురించీ, తాగుడు మానిపించే మందుల గురించీ పిల్లలు గబగబా రాసుకుంటారు. కడుపులో బిడ్డకు ఏమవుతుందన్నది పాఠ్యపుస్తకంలో నాలుగైదు లైన్లకు మించదు. నేను మాత్రం దానికి ఒక పీరియడు పూర్తిగా తీసుకుంటాను. సిలబస్ వెనకబడుతుందన్నా మానను.

ఎం.ఫార్మసీ చదివేటప్పుడు ఎలుకలతో పనిచేశాను. నా ప్రాజెక్టు మద్యం మీద కాదు, ఆందోళన తగ్గిస్తుందని చెప్పుకునే ఒక మొక్క సారం మీద. అయినా జంతువు ప్రవర్తనను ఎలా కొలుస్తారో చేత్తో చేసి నేర్చుకున్నది అక్కడే. విస్టార్ జాతి తెల్ల ఎలుకలు. పంజరం అడుగున వరి ఊక, పైన స్టీలు జాలీ, జాలీలో మేత గుళికలు, తలకిందులుగా పెట్టిన నీళ్ళ సీసా. ఏది ఏ ఎలుకో తెలియడానికి పిక్రిక్ ఆమ్లంతో పసుపు గుర్తు పెట్టేవాళ్ళం, ఒకదానికి తల మీద, ఇంకోదానికి వీపు మీద, మరోదానికి తోక మొదట్లో. మే నెల ఎండల్లో కరెంటు పోయిందంటే అందరం ముందు యానిమల్ హౌస్‌కే పరిగెత్తేవాళ్ళం. ఎథిక్స్ కమిటీ అనుమతి లేనిదే ఒక్క ఎలుకను కూడా ముట్టుకోకూడదు. ఎన్ని కావాలి, ఎందుకు కావాలి, అంతకన్నా తక్కువతో ఎందుకు కుదరదు, ఇవన్నీ రాసి ఒప్పించాలి. ఆ నియమం నాకు అప్పుడూ నచ్చింది, ఇప్పుడూ నచ్చుతుంది.

ఓపెన్ ఫీల్డ్ అని ఒక పరీక్ష ఉంది. చదరపు పెట్టె, అడుగున గీసిన గళ్ళు, పైన దీపం. ఎలుకను మధ్యలో వదిలి ఐదు నిమిషాలు చూడాలి. మామూలు ఎలుక ముందు కదలదు. మీసాలు అల్లాడిస్తూ వాసన పడుతుంది. నెమ్మదిగా గోడ పక్కకు చేరుతుంది, గోడను ఒరుసుకుంటూ నడుస్తుంది, ముందుకాళ్ళు ఎత్తి నిలబడి పైకి చూస్తుంది. ఎన్ని గళ్ళు దాటింది, ఎన్నిసార్లు నిలబడింది, ఎన్ని పెంటికలు వేసింది అన్నీ లెక్క రాసుకోవాలి. అదే పెట్టెలో మళ్ళీ మళ్ళీ వదిలితే చోటు అలవాటై తిరుగుడు తగ్గుతుంది. తల్లి కడుపులో మద్యం తగిలిన చిన్న ఎలుకల్లో ఈ లెక్కే తేడా వచ్చింది. అవి ఎక్కువ గళ్ళు దాటాయి. కొత్త చోటు పాతబడడానికి వాటికి ఎక్కువ సమయం పట్టింది.

ఈ ప్రయోగాలకు ఎందుకు దిగాల్సి వచ్చిందో చెబుతాను. 1968లో ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో పాల్ లెమోయిన్ అనే పిల్లల వైద్యుడు, తాగుడు అలవాటున్న ఇళ్ళలో పుట్టిన 127 మంది పిల్లలను చూసి ఒక వ్యాసం రాశాడు. అది ఫ్రెంచి భాషలో ఉండడంతో బయట పెద్దగా ఎవరి కంటా పడలేదు. 1973లో అమెరికాలోని సియాటిల్‌లో కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ కలిసి 8 మంది పిల్లల గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. వాళ్ళందరి తల్లులూ విపరీతంగా తాగేవాళ్ళు. పిల్లలకు తల చిన్నది, కళ్ళు చిన్నవి, ఎదుగుదల తక్కువ, నేర్చుకోవడంలో వెనకబాటు. కడుపులో మద్యం తగిలి బిడ్డకు వచ్చే ఈ లోపాలన్నిటికీ కలిపి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అన్న పేరు ఆ ఏడాదే వచ్చింది.

పేరు వచ్చిందో లేదో అనుమానాలూ వచ్చాయి. ఆ తల్లులు సరిగ్గా తినేవాళ్ళు కాదేమో. సిగరెట్లు తాగేవాళ్ళేమో. ఇంట్లో పేదరికం, దెబ్బలు, గొడవలు ఉన్నాయేమో. పుట్టాక బిడ్డను ఎవరూ పట్టించుకోలేదేమో. అంటే తిరిగి తిరిగి మళ్ళీ పెంపకం దగ్గరికే వచ్చింది. మనుషుల్లో దీన్ని విడదీయడం కుదరదు. నువ్వు తొమ్మిది నెలలూ తాగు, నువ్వు మానెయ్ అని గర్భిణులను రెండు జట్లు చేసే హక్కు ఎవరికీ లేదు. అందుకే ఎలుకల దగ్గరికి వెళ్ళారు.

ప్రయోగం కట్టిన తీరు చూడండి. చూలు ఎలుకలకు ద్రవాహారం ఇస్తారు. ఒక జట్టుకు అందులో సుమారు 35 శాతం క్యాలరీలు మద్యం నుంచి వస్తాయి. మద్యం కలిసిన మేతను ఎలుక తక్కువ తింటుంది కాబట్టి, రెండో జట్టులో ఒక్కొక్క ఎలుకను మొదటి జట్టులో ఒక్కొక్కదానికి జత కడతారు. జత ఎలుక ఎంత తిన్నదో కొలిచి రెండోదానికీ సరిగ్గా అంతే పెడతారు, మద్యం బదులు అన్ని క్యాలరీలిచ్చే చక్కెర పదార్థం కలుపుతారు. మూడో జట్టు మామూలు మేత కడుపునిండా తింటుంది. దీంతో ఆకలి వల్ల వచ్చేదేదో, మద్యం వల్ల వచ్చేదేదో విడిపోతుంది.

ఇక ఆ తర్వాతి మెట్టు నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఈనగానే పిల్లలను తల్లి దగ్గర నుంచి తీసి, మద్యం ఎన్నడూ తాగని, అప్పుడే ఈనిన వేరే ఎలుక దగ్గర వేస్తారు. ఆ పెంపుడు తల్లి వాటిని నాకుతుంది, పాలిస్తుంది, పక్కకు జారిపోతే నోటితో కరుచుకుని గూట్లోకి తెచ్చుకుంటుంది. పెంపకంలో ఏ లోటూ లేదు. అయినా ఆ పిల్లలు పెద్దవుతుంటే తేడాలు బయటపడ్డాయి. తల్లి మారింది, గూడు మారింది, పాలు మారాయి, పిల్ల తీరు మారలేదు. క్లాసులో ఈ మాట చెప్పాక కాసేపు ఆగుతాను. ఏదో ఒక బెంచీ నుంచి "అయితే పెంపకం కాదన్నమాట మేడం" అని వినిపిస్తుంది.

1979లో ఎడ్వర్డ్ రైలీ బృందం చేసిన ప్రయోగం ఒకటుంది. పెట్టెలో రెండు గదులు, ఒకటి వెలుతురు, ఒకటి చీకటి. ఎలుకకు చీకటే ఇష్టం, వెంటనే అటు దూరుతుంది. దూరగానే కాళ్ళకు చిన్న షాక్. మామూలు పిల్ల కొద్దిసార్లలోనే తెలుసుకుని వెలుతురు గదిలోనే ఆగిపోతుంది. కడుపులో మద్యం తగిలిన పిల్ల మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ షాక్ తిన్నది, మళ్ళీ వెళ్ళింది. ఆగడం నేర్చుకోవడానికి దానికి చాలా ఎక్కువ సార్లు పట్టింది. వెళ్ళబోతున్న కాలును వెనక్కి లాక్కోలేకపోవడమే ఇక్కడి లోపమని రైలీ వివరించాడు. "ఎన్నిసార్లు చెప్పినా, ఎన్ని దెబ్బలు వేసినా సిగ్గులేదు వీడికి" అని మన బడుల్లో వినే మాట నాకు ఈ పెట్టె దగ్గర గుర్తొస్తుంది. దెబ్బతో నేర్చుకునే శక్తే దెబ్బతిన్న పిల్లకు ఇంకో దెబ్బ వేసి ఏం లాభం?

ఇంకా చాలా ఉన్నాయి. పాలు కలిపి తెల్లగా చేసిన నీళ్ళ తొట్టిలో, నీళ్ళ కింద కనపడకుండా ఉన్న పీటను వెతుక్కునే పరీక్షలో ఈ ఎలుకలు తడబడ్డాయి. వాంకూవర్‌లో జోవాన్ వైన్‌బర్గ్ చాలా ఏళ్ళు పనిచేసి చూపింది ఏమిటంటే, చిన్న ఒత్తిడికే వీటి ఒంట్లో ఒత్తిడి హార్మోను ఎక్కువగా ఎగుస్తుంది, దిగడానికి ఎక్కువసేపు పడుతుంది. అప్పుడే పుట్టిన పిల్లలు చన్ను పట్టుకోవడానికే ఆలస్యం చేశాయి, పీల్చడంలో బలం తగ్గింది. కడుపులో మద్యం తగిలిన ఆడ ఎలుకలు పెద్దయ్యాక, ముందు పెట్టిన పిల్లలను గూట్లోకి చేర్చుకోవడంలో వెనకబడ్డాయి. ఈ ఆఖరిది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కూర్చున్నాను. ఆ ఎలుక ఒక్క చుక్క కూడా తాగలేదు కదా.

చేపల్లోనూ ఇదే. మన విజయవాడ అక్వేరియం కొట్లలో చారల చారలుగా గుంపులు గుంపులుగా తిరిగే జీబ్రా చేపలు చూసే ఉంటారు, అవి మన ఉపఖండపు నీళ్ళలో పుట్టినవే. టొరంటోలో రాబర్ట్ గెర్లాయ్ బృందం వాటి గుడ్లను, ఫలదీకరణ అయిన ఒక రోజుకు, రెండు గంటలపాటు బాగా పలచని మద్యం నీళ్ళలో ఉంచింది. 0.25 శాతం నుంచి 1 శాతం వరకు, అంతే. తర్వాత మంచి నీళ్ళలోకి మార్చారు. చేపలు మామూలుగానే పెరిగాయి, చూపుకు ఏ వంకరా లేదు. పెద్దయ్యాక పక్కన తమ గుంపు బొమ్మలు చూపిస్తే మాత్రం మామూలు చేపల్లా దగ్గరికి చేరలేదు. చేప గుంపు కట్టడం దాని ప్రాణరక్షణ. ముఖంలో తేడా ఉంటేనే జబ్బు, లేకపోతే పిల్లాడి పొగరు అనుకునే వాళ్ళందరికీ నేను ఈ చేపల సంగతి చెబుతాను.

లోపల ఏం జరుగుతోందో 2000లో సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం చూపింది. క్రిసాంతీ ఇకొనొమిడూ, జాన్ ఓల్నీ బృందం ఏడు రోజుల ఎలుక పిల్లలకు మద్యం ఇచ్చి మెదడు చూశారు. ఇక్కడొక సంగతి తెలియాలి. ఎలుక కడుపుతో ఉండేది మూడు వారాలే. మనిషి బిడ్డ మెదడు చివరి మూడు నెలల్లో కడుపులో ఉండగా పెరిగే పెరుగుదల ఎలుకలో పుట్టాక మొదటి వారం పది రోజుల్లో జరుగుతుంది. ఆ సమయంలో నాడీకణాలు ఒకదానితో ఒకటి చేతులు కలుపుకుంటుంటాయి. పక్క కణం నుంచి కబురు రాని కణం, నా అవసరం లేదనుకుని తనంతట తాను చచ్చిపోతుంది. ఆ కబురు అందుకునే తలుపుల్లాంటివి కణం మీద ఉంటాయి, వాటినే గ్రాహకాలంటారు. మద్యం రెండు పనులు చేస్తుంది: ఉత్తేజపరిచే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను మూస్తుంది, శాంతపరిచే గాబా గ్రాహకాలను బలపరుస్తుంది. కబుర్లు ఆగిపోతాయి. బతకాల్సిన కణాలు లక్షల్లో రాలిపోతాయి. పెద్దవాళ్ళలో మత్తు తెచ్చేదీ ఈ రెండు పనులే. తాగినవాళ్ళకు ఒక రాత్రి నిద్ర ఇచ్చినది బిడ్డకు జన్మంతా ఉండిపోతుంది.

ఎంత తాగారన్నదే కాదు, ఎలా తాగారన్నదీ ముఖ్యం. 1990లో డేనియల్ బాంథియస్, జేమ్స్ వెస్ట్ ఎలుక పిల్లల్లో ఇది చూశారు. కిలో బరువుకు 6.6 గ్రాముల మద్యం రోజంతా కొద్దికొద్దిగా ఇచ్చినవాటికన్నా, 4.5 గ్రాములే కొద్ది పూటల్లో గుప్పించినవాటికి మెదడు ఎక్కువ దెబ్బతింది. "రోజూ తాగదండీ, పండగకో పెళ్ళికో ఒకసారి" అన్న మాట ఊరటనిచ్చేది కాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

మన దగ్గర ఆడవాళ్ళు తాగరు కదా, ఈ గొడవంతా ఎందుకని అడుగుతారు. బ్రాడీపేటలో మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకునే అక్క ఉంది. పోయిన ఎండాకాలం వాళ్ళమ్మాయికి ఐదో నెల. చీరలు ఇచ్చి వస్తుంటే ఆపి అడిగింది.

"అమ్మా, తాటికల్లు ఒక గ్లాసు తాపిస్తే ఒళ్ళు చలవ చేసిద్ది, బిడ్డ కూడా నున్నగా పుట్టుద్ది అంటంది మా వియ్యపురాలు. పొద్దున దించిన కల్లే, మత్తుండదంట. తాపించమంటావా?"

"వద్దక్కా. లొట్టికి లోపల సున్నం పూయకపోతే చెట్టు మీద ఉండగానే పులవడం మొదలవుద్ది. కొన్ని గంటలకే అది బీరుతో సమానం."

"మరి మా అమ్మ నేను కడుపులో ఉన్నప్పుడు తాగింది గదమ్మా. నేను బాగానే ఉన్నా గదా?"

ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. ఆమె కళ్ళతో చూసిన సాక్ష్యం అది. అందుకే నిలబడి చెప్పాను. ఎలుకల్లోనూ అన్ని పిల్లలకూ ఒకేలా తగల్లేదు. జాతిని బట్టి తేడా ఉంది, ఒకే ఈతలో పక్కపక్కనే పెరిగిన పిల్లల మధ్య కూడా తేడా ఉంది. తల్లి ఒంట్లో మద్యం ఎంత త్వరగా విరిగిపోతుంది, ఏం తిన్నది, ఏ నెలలో తాగింది, ఇవన్నీ కలుస్తాయి. ఎవరికి తగులుతుందో ముందు చెప్పగలిగిన వాళ్ళు లేరు. బిడ్డ లివరుకు మద్యాన్ని విరగ్గొట్టే శక్తి సరిగా ఉండదు, ఉమ్మనీటిలో కూడా అది నిలుస్తుంది, తల్లికి దిగిపోయాక కూడా బిడ్డ అందులోనే ఉంటుంది. ఇంత వరకు తాగొచ్చు అని చెప్పగలిగిన హద్దు ఏదీ లేదు. "చలవే కావాలంటే అదే చెట్టు ముంజలు పెట్టు, కొబ్బరి నీళ్ళు పట్టు" అన్నాను. తాపించనంది. వియ్యపురాలికి మాత్రం నా పేరు చెప్పి ఒప్పించుకుంటానంది, చెప్పుకోమన్నాను.

కల్లొక్కటే కాదు. జలుబు చేస్తే చెంచాడు బ్రాందీ అనే ఇళ్ళు చదువుకున్నవాళ్ళలోనూ ఉన్నాయి. ఉద్యోగాలకని బెంగళూరు, హైదరాబాదు వెళ్ళిన నా పాత విద్యార్థినులు ఇంకో రకం ప్రశ్నతో ఫోన్ చేస్తారు: "నెల తప్పానని తెలియకముందు పార్టీలో వైన్ తాగాను మేడం, ఇప్పుడెలా?" 1981లో క్యాథ్లీన్ సూలిక్ చుంచెలుకల్లో చూసిన సంగతి ఇక్కడ దాచను. గర్భం ఏడో రోజున ఇచ్చిన మద్యమే వాటి ముఖాన్నీ మెదడునూ మార్చింది. మనిషిలో అది సుమారు మూడో వారానికి సమానం, అప్పటికి చాలామందికి కడుపుతో ఉన్నామనే తెలియదు. కానీ ఆమె ఇచ్చింది పెద్ద డోసు. అందుకని ఆ పిల్లలకు నేను చెప్పేది: ఈ రోజు నుంచి పూర్తిగా మానెయ్, డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పు, రాత్రుళ్ళు ఏడుస్తూ కూర్చోకు. ఆపిన రోజు నుంచి ముందున్న మెదడు పెరుగుదలంతా మద్యం లేకుండా జరుగుతుంది. పిల్లలు కావాలనుకున్న రోజు నుంచే మానేస్తే ఈ ఫోనే అక్కర్లేదు.

మగవాళ్ళు ఇది చదివి పక్కకు తప్పుకోకూడదు. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో మైకేల్ గోల్డింగ్ బృందం 2023లో ప్రచురించిన పనిలో, జతకట్టే ముందు మద్యం తాగిన మగ చుంచెలుకలకు పుట్టిన పిల్లల ముఖాల్లో, తల ఆకారంలో తేడాలు కనపడ్డాయి. ఆ తల్లులు తాగకపోయినా సరే. ఇంటికి సీసా తెచ్చేది ఎవరో మనందరికీ తెలుసు, నింద మాత్రం గర్భం మోసేదాని మీద పడుతుంది.

ఇక నాకు బాగా ఇష్టమైన భాగం. ఇవే ప్రయోగశాలల్లో, దెబ్బతిన్న పిల్లను ఎలా నిలబెట్టాలో కూడా చూశారు. శాన్ డియాగోలో జెనిఫర్ థామస్ ఇలాంటి ఎలుక పిల్లలకు కోలీన్ అనే పోషకం ఇస్తే అతి చురుకుదనం తగ్గింది, నేర్చుకోవడం మెరుగైంది. కోలీన్ కోడిగుడ్డు పచ్చసొనలో బాగా ఉంటుంది. అనా క్లింట్సోవా, విలియం గ్రీనో మరో దారి పట్టారు. తాళ్ళు, నిచ్చెనలు, సన్నటి కర్రలు ఉన్న దారిలో ఎలుకలను రోజూ నడిపించారు. మొదట జారాయి, పడ్డాయి, చెయ్యి ఆసరా ఇచ్చి నడిపించారు. శిక్షణ అయ్యేసరికి కదలికలు బాగుపడ్డాయి. తల వెనక భాగంలో ఉండి కదలికలను సరిచూసే చిన్న మెదడులో మిగిలిన కణాల మధ్య కొత్త కలయికలు పెరిగాయి. పోయిన కణాలు తిరిగి రాలేదు, ఉన్నవే ఎక్కువ పని అందుకున్నాయి. పెంపకం జబ్బుకు కారణం కాదని మొదట చెప్పాను. మందుగా అది పనిచేస్తుందని ఇదే ఎలుకలు చెబుతున్నాయి.

ఎలుకల సంగతి పిల్లలకెలా వర్తిస్తుందంటే ఒక ఉదాహరణ చాలు. శబ్దం వినిపించగానే కంటి మీదికి చిన్న గాలి ఊదుతారు. కొన్నిసార్లయ్యాక శబ్దం వినగానే కన్ను ముందే మూసుకోవాలి. చిన్న మెదడు చేసే పని ఇది. మద్యం తగిలిన ఎలుకల్లో ఇది దెబ్బతిన్నదని ముందు తెలిసింది. తర్వాత దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో జేకబ్సన్ దంపతులు ఐదేళ్ళ పిల్లల మీద చూసి 2008లో ప్రచురించారు. పూర్తి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఒక్కరు కూడా అది నేర్చుకోలేకపోయారు.

మీ ఇంట్లో గానీ, మీ తరగతిలో గానీ అలాంటి పిల్లాడు ఉంటే ఒకసారికి ఒక్క పనే చెప్పండి. రోజూ అదే వేళకు, అదే మాటల్లో చెప్పండి. శిక్ష పెంచకండి, చేయించే సార్లు పెంచండి. తాడాట, తొక్కుడుబిళ్ళ, సైకిలు, ఈత ఏదైనా ఒంటిని తూచుకుని కదిలే ఆట రోజూ ఆడించండి. పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు, ఆయన అడక్కపోయినా, కడుపుతో ఉన్నప్పుడు కల్లు గానీ బ్రాందీ గానీ తాగిన సంగతి చెప్పండి. చిన్న తల, బరువు తక్కువ, అతి చురుకుదనం అన్నీ విడివిడిగా చూస్తే దొరకని జవాబు ఆ ఒక్క మాటతో దొరకొచ్చు. పక్కన అత్తగారు ఉంటే చెప్పడం కష్టమని నాకు తెలుసు. ఆవిడను కాసేపు బయట కూర్చోమనమని డాక్టరునే అడగండి.